తీగకు అర్థం చెప్పే వరుస

హైదరాబాద్‌లోని కుషాయిగూడ దగ్గరున్న ఈసీఐఎల్ సంస్థ 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో ఏర్పడి టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసిన కాలం నుంచి నేటి వరకు, కంప్యూటర్ నిర్మాతలందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: తన పనిలో తాను మునిగి ఉన్న ప్రాసెసర్‌కు మరో భాగం అత్యవసరమైన సంగతిని ఎలా చేరవేయాలి? ఇందుకోసం ఆ భాగం నుంచి ఒక తీగను ఏర్పాటు చేస్తారు; దాని మీద సంకేతం రాగానే ప్రాసెసర్ చేతిలోని పనిని ఆపి ఆ సంగతి చూస్తుంది. ఈ సంకేతమే ఇంటరప్ట్.

అటువంటి తీగలు క్యాష్ కంట్రోలర్‌కూ ఉంటాయి. ప్రధాన మెమరీ ప్రాసెసర్ వేగాన్ని అందుకోలేదు కనుక, తరచుగా కావలసిన డేటాను దగ్గరలోని చిన్న మెమరీలో, అంటే క్యాష్‌లో ఉంచుతారు. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టిక డైరెక్టరీ, ఈ రెండింటినీ నడిపేది కంట్రోలర్. కాస్మిక్ కిరణాల వంటి కారణాల వల్ల అప్పుడప్పుడు ఒక బిట్ తారుమారవుతుంది. డేటాతో పాటు దాచే అదనపు బిట్ల సాయంతో ఒక బిట్ తప్పును కంట్రోలరే దిద్దుతుంది. రెండు బిట్లు మారితే మాత్రం తప్పు జరిగిందని గుర్తించగలదే గాని దిద్దలేదు. డేటాలోనైనా డైరెక్టరీలోనైనా ఈ రెండు స్థితులూ రావచ్చు కాబట్టి మొత్తం నాలుగు తీగలు అవసరమవుతాయి.

ఏ తీగ ఏ సంగతి చెబుతుందో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ తనంతట తాను తెలుసుకోలేదు. డివైస్ ట్రీ అనే వివరణ ఫైలులో ఒక మనిషి రాసిన సంఖ్యలే దానికి ఆధారం, ఆ సంఖ్యల వరుసే వాటి అర్థం. సైఫైవ్ సంస్థ ఎఫ్‌యూ540 చిప్‌కు దిద్దిన డైరెక్టరీ తప్పు, దిద్దిన డేటా తప్పు, దిద్దలేని డేటా తప్పు అనే క్రమంలో మూడు తీగలనే చూపారు. తర్వాతి ఎఫ్‌యూ740లో దిద్దలేని డైరెక్టరీ తప్పుకూ ఒక తీగ చేరింది. పాత క్రమం చెడకుండా కెర్నల్ దాన్ని చివరన చేర్చుకుంది. అయితే చిప్ మాన్యువల్‌లో దిద్దిన డైరెక్టరీ తప్పు తీగ సంఖ్య 19, కొత్తగా చేరిన తీగ సంఖ్య 20, డేటా తీగలవి 21, 22. కాబట్టి సరైన వరుస 19, 21, 22, 20.

లైనక్స్ కెర్నల్‌లోని ఆ చిప్ వివరణలో మొదట 19, 20, 21, 22 అనే రాశారు. చూడటానికి చక్కగా ఉన్న ఈ వరుస ఎంత ప్రమాదకరమో గమనించాలి. డైరెక్టరీ దిద్దలేనంతగా చెడితే ఇక ఏ డేటానూ నమ్మలేము కనుక, కెర్నల్ ఆ సంకేతం అందగానే యంత్రాన్ని అక్కడికక్కడే ఆపేయాలి. తప్పు వరుసలో అదే సంకేతం, దిద్దేసిన చిన్న డేటా పొరపాటుగా లెక్కకెక్కుతుంది. నిజంగా దిద్దిన డేటా పొరపాటేమో దిద్దలేనిదిగా నమోదవుతుంది. పైగా సంకేతం చల్లారాలంటే ఆ తప్పుకు సంబంధించిన లెక్కింపు రిజిస్టర్‌ను, అంటే చిప్‌లోని చిన్న నిల్వ గడిని, కెర్నల్ చదవాలి. వేరొక రిజిస్టర్‌ను చదివితే సంకేతం నిలిచే ఉంటుంది, ప్రాసెసర్‌ను మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉంటుంది. 2021లో దీన్ని సవరించారు. మారింది ఒక్క పంక్తి మాత్రమే, అయినా ఇటువంటి పంక్తులను మాన్యువల్ పక్కన పెట్టుకుని ఒక్కో సంఖ్యనూ సరిచూసేవారి శ్రమకు తగిన గుర్తింపు లేదు.

హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల భూకంప తరంగాల డేటాను కంప్యూటర్లు గంటల తరబడి గణిస్తాయి. గణన మధ్యలో మారిన బిట్ యంత్రాన్ని ఆపేస్తే నష్టపోయేది సమయమే, మళ్లీ మొదలుపెట్టవచ్చు. అది ఎవరికీ తెలియకుండా ఫలితంలో కలిసిపోతే ఆ ఫలితం మీద ఆధారపడిన ప్రతి నిర్ణయమూ తప్పుతుంది.