ఫోనులోనే ‘అన్‌లిస్టెడ్’ షేర్లు.. కొనుగోలు తేలిక, అమ్మకమే కష్టం

స్టాక్ మార్కెట్లో ఇంకా నమోదు కాని కంపెనీల షేర్లు ఒకప్పుడు ఆ సంస్థల ఉద్యోగులకు, పెద్ద మదుపరులకు మాత్రమే దక్కేవి. దళారులతో పరిచయం లేని సామాన్యునికి అటువైపు దారే ఉండేది కాదు. నేడు మండల కేంద్రంలో కూర్చుని సెల్‌ఫోన్‌లో పాన్, డీమ్యాట్ ఖాతా వివరాలు నింపితే చాలు, కొద్ది వేల రూపాయలతోనే వాటిని కొనవచ్చు. నమోదు కాని పబ్లిక్ కంపెనీల షేర్ల బదిలీ డీమ్యాట్ రూపంలోనే జరగాలని 2018 అక్టోబరు నుంచి కేంద్రం విధించిన నిబంధన ఇందుకు బాట వేసింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తాను ఇంకా నమోదు కాకమునుపే, దాని వాటాదారుల సంఖ్య 2025లో లక్ష దాటింది.

అయితే ఈ యాప్‌లలో కనిపించేది మార్కెట్ ధర కాదు, డీలరు చెప్పే ధర. సంతలో వంకాయలు కొనేటప్పుడైనా నాలుగు దుకాణాలు తిరిగే అలవాటు మనది. ఇక్కడ అధికారికంగా సరిచూసుకునే ధరే ఉండదు. డబ్బు ముందుగా డీలరు ఖాతాలో జమ చేయాలి. షేర్లు తరువాత వస్తాయి. ఈ లావాదేవీకి ఏ ఎక్స్ఛేంజీ హామీ ఉండదు.

హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. ఈ షేరు అన్‌లిస్టెడ్ విపణిలో సుమారు 1,200 రూపాయలు పలికింది. 2025 జూన్‌లో పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ ధర 740 రూపాయలు మాత్రమే. 50 షేర్లకు 60 వేలు వెచ్చించిన వారి పెట్టుబడి విలువ ఆ ధర ప్రకారం 37 వేలకు దిగింది. జులై 2న షేరు 835 రూపాయల వద్ద నమోదైనా, వారికి వెంటనే అమ్ముకునే వీలు లేదు. ఇష్యూకు ముందు కొన్న షేర్లపై ఆరు నెలల ‘లాకిన్’ ఉంటుంది. కొత్తగా దరఖాస్తు చేసి 740కి పొందిన వారు మాత్రం తొలిరోజే లాభానికి అమ్ముకోగలిగారు!

నమోదు కాని షేర్ల లావాదేవీలకు వేదిక కల్పిస్తున్న అనధికార ఎలక్ట్రానిక్ సంస్థల పట్ల అప్రమత్తంగా ఉండాలని సెబీ 2024 డిసెంబరులో హెచ్చరించింది. అటువంటి వేదిక నడిపే అధికారం గుర్తింపు పొందిన స్టాక్ ఎక్స్ఛేంజీలకే ఉందని స్పష్టం చేసింది.

ఈ షేర్లు కొనదలచినవారు ముందుగా కంపెనీ వార్షిక నివేదికను పరిశీలించాలి. అదే షేరును ఈరోజే తిరిగి అమ్మితే ఎంత ఇస్తారని డీలరును అడగాలి. కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది.