గుర్రపుడెక్కను మేపుతున్నది మనమే

ఏలూరు: కొల్లేటి లంకల్లో దోనెకు దారివ్వని గుర్రపుడెక్క మన మొక్క కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. ఊదా పూలకు మురిసి 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి తెచ్చారు. పుట్టినచోట దాన్ని తొలిచితినే ముక్కుపురుగులున్నాయి. వాటిని మాత్రం వెంట తేలేదు! 1980లలో బెంగళూరులో తెచ్చి వదిలితే కొన్ని చెరువుల్లో ఫలించింది.

ఇక్కడ తినే నోరు తక్కువ, తిండికి కొదవ లేదు. ఏలూరు మురుగు, చేలల్లో చల్లిన యూరియా, చేపల చెరువుల నీరు చేరేది కొల్లేటికే. ఆ బలంతో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. తల్లిమొక్క నుంచి తీగ సాగి పిల్లలు పుడతాయి. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

వానాకాలంలో వంతెనల కింద డెక్క అడ్డుపడితే, ఉప్పుటేరుకు పోవలసిన నీరు వెనక్కితన్ని చేలు మునుగుతాయి. తీసిన డెక్కను దూరంగా వేసి ఎండబెట్టాలి. గట్టుమీదే వదిలితే వానకు కొట్టుకొచ్చి మళ్లీ కాల్వలోనే పడుతుంది.