వేటకుక్కలు పరుగెత్తే పానపాత్రలు: రోమన్ బ్రిటన్ కుమ్మరుల పనితనం

రోమన్ కుండలు అనగానే మ్యూజియం ఫొటోల్లో కనిపించే ఎర్రటి, నిగనిగలాడే గిన్నెలే చాలామందికి గుర్తొస్తాయి. సేమియన్ అని పిలిచే ఆ సరుకు ఎక్కువగా గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లో, తయారై పడవల్లో బ్రిటన్‌కు వచ్చేది. అయితే ఆ కాలపు ఊళ్లను తవ్వినప్పుడు బ్రిటన్‌లో దొరికే పెంకుల్లో అధికభాగం అక్కడి మట్టితో, అక్కడి కుమ్మరులు చేసినవే. వీటిని నాసిరకం నకళ్లుగా కొట్టిపారేసినవారున్నారు. ఏ పాత్రకు ఏ ఆకారం ఇచ్చారో, నగిషీ ఎక్కడ వేశారో, ఎక్కడ మానేశారో ఓపిగ్గా చూస్తే ఆ మాట నిలవదు.

ముందు వంటింటి కుండను చూద్దాం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్‌లో పూల్ హార్బర్ చుట్టుపక్కల, క్రీ.శ. 43లో రోమన్లు దండెత్తి రాకముందే, ఇసుక కలిసిన మట్టితో సారె లేకుండా చేత్తోనే నల్లకుండలు చేసేవారు. మట్టిలో ఇసుక ఉంటే పొయ్యి వేడికి కుండ పగలదు. కొత్త పాలకులు వచ్చాక కూడా అక్కడి కుమ్మరులు తమ పద్ధతి మార్చుకోలేదు. పైగా సుమారు 120 నుంచి వాళ్ల కుండలు దేశం ఆ చివర ఉన్న హాడ్రియన్ గోడ దగ్గరి సైనికుల దాకా వెళ్లాయి. రోమన్ సైన్యం వంట చేసుకున్నది చేత్తో చేసిన ఈ పల్లెటూరి కుండల్లోనే.

ఆ కుండ ఒళ్లంతా రాయి లాంటి గట్టి వస్తువుతో రుద్ది మెరుగుపెట్టేవారు. పొట్ట చుట్టూ ఒక పట్టీని మాత్రం గరుకుగా వదిలేసి, దానిమీద ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసేలా గీసేవారు. చూడటానికి జాలీలా ఉంటుంది. వేడి కుండను గుడ్డతో పట్టుకున్నప్పుడు చెయ్యి జారకుండా ఉండటానికీ ఆ గరుకుదనం పనికొచ్చి ఉంటుంది. ఈ గీతలే ఇప్పుడు పురావస్తు శాస్త్రవేత్తలకు క్యాలెండర్ అయ్యాయి. రెండో శతాబ్దంలో గీతలు నిటారుగా ఉండి గళ్లు పొడవుగా కనిపిస్తాయి. మూడో శతాబ్దంలో గీతలు వాలిపోయి గళ్లు అడ్డంగా సాగుతాయి. అదే కాలంలో కుండ పొట్ట సన్నబడుతూ, అంచు బయటికి విచ్చుకుంటూ, చివరికి పొట్టకన్నా అంచే వెడల్పయింది. అరచేతిలో పట్టే ఒక్క పెంకు మీది గీతల వాలు చూసి అది ఇంచుమించు ఏ కాలానిదో చెప్పవచ్చు.

పానపాత్రల సంగతి వేరు. నగిషీకి అసలైన చోటు అక్కడే దొరికింది. ఇప్పటి పీటర్‌బరో పట్టణం దగ్గర, నెన్ నది ఒడ్డున, డ్యూరోబ్రైవే అనే చిన్న పట్టణం ఉండేది. లండన్ నుంచి ఉత్తరానికి పోయే ఎర్మిన్ స్ట్రీట్ అనే రాజమార్గం దాని మధ్యనుంచే వెళ్లేది. మట్టి, కట్టెలు, నది, రోడ్డు నాలుగూ ఒకేచోట ఉండటంతో రెండో శతాబ్దం మధ్యనుంచి ఆ చుట్టుపక్కల కుండలు కాల్చే ఆవాలు వెలిశాయి. 1820ల్లో ఎడ్మండ్ ఆర్టిస్ అనే ఆయన వాటిని తవ్వి, బొమ్మలు గీయించి, 1828లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆయన ఒక జమీందారు ఇంటి వ్యవహారాలు చూసే ఉద్యోగి. నెన్ లోయ కుండల గురించిన మన జ్ఞానం ఆయనతోనే మొదలైంది.

అక్కడి మట్టి కాలితే తెల్లగా, పాలిపోయిన రంగులో వస్తుంది. పచ్చి పాత్రను ఇనుము ఎక్కువగా ఉన్న పలచని మట్టినీళ్లలో ముంచి తీసేవారు. ఆవంలో గాలి బాగా ఆడితే ఆ పూత నారింజ రంగుకు తిరుగుతుంది, గాలి తగ్గితే ముదురు గోధుమ రంగుకో నలుపుకో మారుతుంది. ముంచడానికి ముందే అసలు పని జరిగిపోయేది. చిక్కటి మట్టిముద్దను, గోరింటాకు కోన్‌తో చేతిమీద గీత పెట్టినట్టు, పాత్ర మీద వత్తుతూ బొమ్మ తీసేవారు. దీన్ని బార్బొటీన్ అంటారు. పొడవాటి మూతితో, సాగదీసిన ఒంటితో వేటకుక్క. దాని ముందు కుందేలో దుప్పో. ఖాళీ మిగిలినచోట ఒక తీగ, ఒక ఆకు. పాత్ర గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ పరుగుకు మొదలూ లేదు, చివరా లేదు. చేతిలో పాత్రను తిప్పుతూ తాగేవాడికి కుక్క ఎప్పటికీ వేటను అందుకోదు. కుమ్మరి ఆకారాన్నీ బొమ్మనూ కలిపి ఆలోచించాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆకారంలోనూ అంతే తెలివి ఉంది. కొన్ని పాత్రలకు, మట్టి ఇంకా మెత్తగా ఉండగానే, పక్కలను బొటనవేలితో లోపలికి నొక్కి వరసగా నొక్కులు తెప్పించారు. అక్కడ వేళ్లు సరిగ్గా కుదురుతాయి. తర్వాతి కాలంలో మెడ పొడుగై గరాటులా విచ్చుకుంది. బార్బొటీన్ తగ్గి, ముదురు పూత మీద తెల్లరంగుతో వేసిన తీగలు వచ్చాయి. జర్మనీలోని ట్రియర్ నుంచి వచ్చే ఖరీదైన నల్ల పాత్రల ప్రభావం ఇందులో కనిపిస్తుంది. మూత ఉన్న గుండ్రటి డబ్బాలూ చేసేవారు. మూత మీద, ఒంటి మీద చిన్న చిన్న గంట్లు వరసగా దిగి ఉంటాయి. సారె తిరుగుతుండగా పళ్లచక్రాన్నో, అలాంటి పనిముట్టునో ఆనిస్తే పడే ఈ నగిషీని రౌలెటింగ్ అంటారు. మనవైపు అమరావతిలో, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో దొరికిన పళ్లేల మీదా ఇలాంటి గంట్లే ఉన్నాయి. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఆ రకం పళ్లేలను మధ్యధరా ప్రాంతపు సరుకనుకున్నాడు. అవి భారతదేశపు మట్టితో ఇక్కడే చేసినవని తర్వాతి మట్టి పరీక్షలు తేల్చాయి. మంచి పనితనం కనిపిస్తే అది బయటినుంచే వచ్చి ఉంటుందనుకోవడం పాత అలవాటే.

ఇలాంటి అనుమానమే ఇంగ్లండ్ తూర్పున కోల్చెస్టర్ పట్టణంలో దొరికిన పాత్ర విషయంలోనూ ఉండేది. 1853లో ఒక సమాధిలో, దహనం చేసిన ఎముకలతో పాటు దొరికిన ఈ పాత్ర సుమారు క్రీ.శ. 175 నాటిది. దానిమీద మూడు దృశ్యాలున్నాయి. ఒకచోట కుక్క దుప్పులనూ కుందేలునూ తరుముతోంది. ఇంకోచోట సెకుండస్, మారియో అనే ఇద్దరు ఎలుగుబంటితో తలపడుతున్నారు. మూడోచోట మెమ్నాన్ అనే గ్లాడియేటర్ ఎదుట వాలెంటినస్ అనే మరో గ్లాడియేటర్ త్రిశూలం పోగొట్టుకుని, ఓటమి ఒప్పుకుంటూ వేలెత్తాడు. ఆ పేర్లు పాత్ర మీదే చెక్కి ఉన్నాయి. కాలిన పాత్ర మీద ఎవరో తర్వాత గీకి ఉంటారని చాలాకాలం అనుకున్నారు. కాల్చకముందే, పచ్చి మట్టిలోనే చెక్కారని, మట్టి కూడా కోల్చెస్టర్‌దేనని 2023లో వెల్లడైన పరిశోధన చెప్పింది. అంటే ఆ ఊళ్లో ఆ పోటీని తలచుకుంటూ, ఆ ఊరి కుమ్మరితోనే చేయించిన పాత్ర ఇది.

కుమ్మరుల పేర్లు అరుదుగా మనదాకా వస్తాయి. నెన్ లోయలో చేసిన మోర్టేరియాల మీద రెండు పేర్లు మిగిలాయి. మోర్టేరియం అంటే లోపల రాతి పలుకులు పొదిగి, అంచుకు పట్టు, పోయడానికి మూతి పెట్టిన నూరుడు గిన్నె. ఒకదాని మీద డ్యూరోబ్రైవేలో దీన్ని కాల్చింది సెన్నియానస్ అని, మరొకదాని మీద డ్యూరోబ్రైవేలో దీన్ని చేసింది కునోఅరస్ అని లాటిన్‌లో ఉంది. కునోఅరస్ అచ్చమైన స్థానిక పేరు. నూరుడు గిన్నె వాడకం రోమన్ల వెంట వచ్చిందే. దాన్ని చేసి, తన ఊరి పేరుతో సహా సంతకం పెట్టినవాడు మాత్రం ఆ నేల మనిషి.

మూడో శతాబ్దంలో గాల్ నుంచి ఎర్ర గిన్నెలు రావడం ఆగిపోయాక నెన్ లోయ కుమ్మరులు ఆ ఆకారాలను కూడా తామే చేసి అమ్మారు. నాలుగో శతాబ్దానికి గిన్నెలు, పళ్లేలు, కూజాలు, వంటకుండలు అన్నీ అక్కడే తయారయ్యేవి. ఐదో శతాబ్దం మొదట్లో రోమన్ పాలన బ్రిటన్‌ను వదిలిపోయింది. కొనే సైన్యం లేదు, పట్టణాలు లేవు, చేతులు మారే నాణెం లేదు. కొద్ది దశాబ్దాల్లో నెన్ లోయ ఆవాలూ, పూల్ హార్బర్ ఆవాలూ ఆరిపోయాయి. ఆ తర్వాత తరాల తరబడి బ్రిటన్‌లో చాలాచోట్ల సారె మీద కుండ చేసినవారే లేరు.