తక్కువ బడ్జెట్‌లో తొలి గేమింగ్ పీసీ: సాల్ట్ లేక్ నుంచి చాందినీ చౌక్ వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని సెక్టార్ ఫైవ్‌లో ఐటీ ఉద్యోగానికో, చుట్టుపక్కల కాలేజీల్లో చదువుకో వచ్చిన తెలుగు యువత తొలి సంపాదనతో కొనాలనుకునే వస్తువుల్లో గేమింగ్ కంప్యూటర్ ఒకటి. చాలామంది చేతిలో ఉండేది యాభై, అరవై వేలు. అది ఒకటి రెండు నెలల జీతం కావచ్చు, ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్న డబ్బు కావచ్చు. తప్పు భాగం కొంటే మళ్లీ కొనే స్తోమత ఉండదు.

పైగా 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి. రెండేళ్ల కిందటి యూట్యూబ్ వీడియోలో చెప్పిన లెక్క ఇప్పుడు షాపులో నిలబడదు.

మరి ఇప్పుడు ఎలా కొనాలి? దేనికి ఎంత పెట్టాలి? ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది?

ముందు ఆట, తర్వాతే పీసీ

ఏ ఆటలు ఆడతారన్నది తేలకుండా భాగాల జాబితా రాయకూడదు. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లాంటి ఆటలకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలకు మాత్రం గ్రాఫిక్స్ కార్డే ప్రాణం.

రెండోది మానిటర్. 1080పీ మానిటర్‌తో పోలిస్తే 4కేలో గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమ్‌కూ నాలుగు రెట్ల పిక్సెళ్లు గీయాలి. కాబట్టి ఈ బడ్జెట్‌కు 1080పీ చాలు. అందులోనే 100 హెర్ట్జ్ లేదా అంతకు మించిన ఐపీఎస్ మానిటర్ దొరికితే మంచిది.

రూ. 60 వేలను ఎలా పంచాలి?

మానిటర్, కీబోర్డు, మౌస్ కాకుండా ఒక్క సీపీయూ పెట్టెకే రూ. 60 వేలు ఉన్నాయనుకుందాం. కింద ఉన్నవి మార్కెట్ ధరలు కావు. ఒక్కో భాగానికి ఎంత దాటకూడదో ముందే గీసుకోవాల్సిన హద్దులు.

- గ్రాఫిక్స్ కార్డు: రూ. 23,000
- ప్రాసెసర్: రూ. 11,000
- ర్యామ్, 16 జీబీ: రూ. 8,000
- మదర్‌బోర్డు: రూ. 7,000
- ఎస్‌ఎస్‌డీ, 500 జీబీ: రూ. 4,500
- ఎస్‌ఎంపీఎస్: రూ. 4,000
- కేబినెట్: రూ. 2,500

అంటే మొత్తంలో దాదాపు 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. గేమింగ్ పీసీకి, ఆఫీసు పీసీకి ప్రధానమైన తేడా ఇదే. అద్దాల కేబినెట్, రంగుల లైట్లు, వాటర్ కూలర్ ఆటలో ఒక్క ఫ్రేమ్‌ను కూడా పెంచవు. ఆ డబ్బు కార్డుకు మళ్లించాలి.

ఒక భాగం హద్దు దాటితే ఇంకోచోట తగ్గించుకోవాలి. కానీ ఎస్‌ఎంపీఎస్‌లో మాత్రం తగ్గించవద్దు. ఎందుకో తర్వాత చూద్దాం.

ప్రాసెసర్: పేరులో అక్షరం చూడండి

ఈ స్థాయిలో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్. రెండూ 2022లో వచ్చినవే. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 1080పీ ఆటలకు ఈ కార్డుల తరగతిలో ఇవి ఇప్పటికీ సరిపోతాయి.

ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు. ‘ముందు ప్రాసెసర్ కొంటాను, కార్డు వచ్చే నెల చూసుకుంటాను’ అనుకునేవారు ఇది గమనించాలి. కార్డు లేకుండా ఆ పీసీలో తెర వెలగదు. రైజెన్ 5 5600 విషయంలోనూ అంతే.

బడ్జెట్ 40 వేల దగ్గరే ఆగిపోతే రైజెన్ 5 5600జీ లాంటి చిప్‌తో మొదలుపెట్టవచ్చు. ఇందులో గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంటాయి. వాలొరెంట్ లాంటి ఆటలు దీనిపై ఆడుకోవచ్చు, కార్డు తర్వాత కలుపుకోవచ్చు. అయితే ఈ చిప్ ర్యామ్‌నే వీడియో మెమరీగా వాడుకుంటుంది కాబట్టి ఒక 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు వేయడం మంచిది. స్టిక్ ఒక్కటే ఉంటే వేగం బాగా పడిపోతుంది.

మదర్‌బోర్డు దగ్గర రెండు ప్రశ్నలు అడగాలి. ఈ ప్రాసెసర్‌కు బయోస్ అప్‌డేట్ అవసరమా? పాత బీ450 బోర్డుల్లో రైజెన్ 5000 చిప్‌లకు అప్‌డేట్ కావాల్సి రావచ్చు. ఇది డీడీఆర్4 బోర్డా, డీడీఆర్5 బోర్డా? ఇంటెల్ హెచ్610 బోర్డులు రెండు రకాల్లోనూ వస్తాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దూరదు.

ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 తీసుకుంటే తర్వాత ప్రాసెసర్ మార్చుకునే వీలు ఎక్కువ. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. మెమరీ మండిపోతున్న సమయంలో ఆ భారం మోయగలరా అన్నది చూసుకోవాలి.

ర్యామ్ ఎందుకింత ప్రియమైంది?

ప్రపంచంలో డీర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం తయారుచేసేది మూడే కంపెనీలు. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ భారీగా కావాలి. దానిపై లాభం ఎక్కువ కాబట్టి ఈ కంపెనీలు తమ ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని అటు మళ్లించాయి. మామూలు ర్యామ్‌కు కొరత వచ్చింది.

2025 డిసెంబరులో మైక్రాన్ ఒక అడుగు ముందుకేసి, సాధారణ వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన ‘క్రూషియల్’ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. మన దగ్గర బడ్జెట్ పీసీల్లో తరచూ కనిపించే పేరు అది.

దీనివల్ల కొనేవారి లెక్క మారింది. పాత కంప్యూటర్‌లో పనిచేసే డీడీఆర్4 ర్యామ్ ఉంటే పారేయకండి, ఆ ర్యామ్ పనిచేసే బోర్డే చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనదగిన భాగాల్లో ర్యామ్ ఒకటి. అందులో అరిగిపోయే కదిలే భాగాలేమీ ఉండవు, షాపులోనే పరీక్షించవచ్చు. ఎస్‌ఎస్‌డీ అలా కాదు. రాసేకొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది. అది కొత్తదే తీసుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు: అసలు ఖర్చు, అసలు మోసం ఇక్కడే

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060, దాని తర్వాత 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600, ఇంటెల్ ఆర్క్ బీ580. తక్కువ బడ్జెట్‌లో చూడాల్సినవి ఇవి. వీటిలో బీ580కి 12 జీబీ మెమరీ ఉంది, మిగతా మూడింటికీ 8 జీబీ. 1080పీలో 8 జీబీతో నడుస్తుంది కానీ కొన్ని కొత్త ఆటల్లో టెక్స్‌చర్ సెట్టింగ్ తగ్గించుకోవాలి. ఆర్క్ కొనేవారు తమ బోర్డులో రీసైజబుల్ బార్ సదుపాయం ఉందో లేదో కచ్చితంగా చూడాలి. అది లేకపోతే కార్డు వేగం దెబ్బతింటుంది.

సెకండ్ హ్యాండ్ కార్డులతో జాగ్రత్త. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. నెలల తరబడి రాత్రీపగలూ నడిచిన కార్డులు పాత సామాన్ల మార్కెట్లకు వచ్చి పడ్డాయి. మైనింగ్ చేసినంత మాత్రాన కార్డు పనికిరాదని కాదు. ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరిగి ఉండవచ్చు. అరగంట భారీ ఆట నడిపించి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

పాత చిప్‌కు బయోస్ మార్చి, జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మే నకిలీలు ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటివాటిని చాలావరకు పట్టిస్తుంది. అలాగే ‘ఆర్‌ఎక్స్ 580’ పేరుతో రెండు కార్డులు ఉన్నాయి. అసలుదానిలో 2,304 కోర్లు, 2048ఎస్‌పీ రకంలో 2,048 కోర్లు. పెట్టె మీద చిన్న అక్షరాలు చదవాలి.

ఇక ఆన్‌లైన్‌లో రూ. 20 వేలకు కనిపించే ‘ఐ7 గేమింగ్ పీసీ’ సంగతి. ఐ7 అన్నారు కానీ ఏ తరమో చెప్పరు. చాలాసార్లు అది రెండో, మూడో తరం చిప్, అంటే 2011-12 నాటిది. పక్కన ఉండేది 2014లో వచ్చిన జీటీ 730 కార్డు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో అధికారికంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి చిప్ కావాలి. విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ కూడా ఉండాలి. పదిహేనేళ్ల నాటి చిప్‌తో ఈ ద్వారం దాటడం కష్టం.

ఎస్‌ఎంపీఎస్‌ను చిన్నచూపు చూడవద్దు

ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునే కరెంటు 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 తీసుకునేది 165 వాట్లు. ప్రాసెసర్, మిగతావి కలిపినా 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ చాలు. ‘మంచి’ అంటే 80 ప్లస్ గుర్తింపు, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నది. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే దానిపై 450 వాట్లు అని రాసి ఉన్నా నమ్మవద్దు. అది పేలితే దానితో పాటు కార్డు, బోర్డు కూడా పోయే ప్రమాదం ఉంది.

కరెంటు బిల్లు భయం పెద్దగా అక్కర్లేదు. పీసీ సగటున 250 వాట్లు తీసుకుంటూ రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు 22 యూనిట్ల పైచిలుకు అవుతుంది.

కొనేది ఎక్కడ?

సెక్టార్ ఫైవ్‌లో కంప్యూటర్ కంపెనీలు కొల్లలు, విడిభాగాల బజారు మాత్రం నగరం నడిబొడ్డున చాందినీ చౌక్‌లో ఉంది. గణేశ్ చంద్ర అవెన్యూ, మదన్ స్ట్రీట్, చిత్తరంజన్ అవెన్యూ మీది ఈ-మాల్ చుట్టూ షాపులు. హైదరాబాద్ వాసులకు సికింద్రాబాద్ సీటీసీ ఎలాగో, కోల్‌కతాకు ఇది అలాగ. దేశమంతటికీ ఆన్‌లైన్‌లో భాగాలు అమ్మే ఎండీ కంప్యూటర్స్, వేదాంత్ కంప్యూటర్స్ కూడా కోల్‌కతా సంస్థలే.

2025 ఆగస్టు 22న శియాల్దా-ఎస్‌ప్లనేడ్ భాగం ప్రారంభం కావడంతో సెక్టార్ ఫైవ్ నుంచి ఎస్‌ప్లనేడ్‌కు మెట్రో నేరుగా వెళ్తోంది. అక్కడి నుంచి చాందినీ చౌక్ బ్లూ లైన్‌లో ఒక్క స్టేషన్. నడిచినా చేరుకోవచ్చు. ఆదివారాలు చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం వెళ్లడం మేలు.

వెళ్లే ముందు రెండు మూడు ఆన్‌లైన్ ధరలు రాసుకోండి. షాపులో మొత్తం సెట్‌కు ఒకే ధర కాకుండా భాగాలవారీగా కొటేషన్ అడగండి. ‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. కంప్యూటర్ విడిభాగాలపై జీఎస్టీ 18 శాతం. ఆ తగ్గింపు ఊరిస్తుంది కానీ కార్డు పాడైన రోజున బిల్లు లేకుండా వారంటీ అడగలేరు. పక్కా బిల్లులో ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు ఉండాలి. ఆ వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో కూడా అడగాలి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

బిగించడం ఎంత కష్టం?

స్క్రూడ్రైవర్, ఓపిక ఉంటే ఒక మధ్యాహ్నం పని. కేబినెట్‌లో పెట్టే ముందు బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు అమర్చి ఒకసారి వెలిగించి చూడండి. లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్‌కు పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, రైజెన్ 5 5600కు చిప్ కిందే ఉంటాయి. ఎక్కడ ఉన్నా వాటిని వేలితో తాకవద్దు, చిప్‌ను బలంగా నొక్కవద్దు. చాలా షాపులు అడిగితే బిగించి కూడా ఇస్తాయి.

అంతా అయ్యాక తరచూ మరిచిపోయేవి మూడు. మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు పెంచకపోతే 144 హెర్ట్జ్ మానిటర్ కూడా 60 దగ్గరే ఆగిపోవచ్చు.

కోల్‌కతాలో ఉంటే ఇంకొన్ని

కింది అంతస్తులో ఉంటే పీసీని నేల మీద పెట్టవద్దు. 2025 సెప్టెంబరు 23న కురిసిన కుండపోతకు నగరంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, కరెంటు షాక్‌లతో ప్రాణాలు పోయాయి. నీళ్లు చేరుతుంటే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ప్లగ్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఇంటి యజమానిని అడిగి, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం పీసీ కొనడానికి ముందు చేయాల్సిన పని. చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు పోయినప్పుడు ఆట సేవ్ చేసి ఆపేంత సమయం దొరుకుతుంది.

బదిలీ అయి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లిపోవాల్సి వస్తే గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి దాని పెట్టెలోనే పెట్టి చేతి సామాన్లలో తీసుకెళ్లండి. కుదుపులకు బరువైన కార్డు స్లాట్‌ను విరిచేయగలదు. అందుకే పెట్టెలన్నీ అటక మీద దాచుకోవాలి.

ఏడాదికి రెండుసార్లు ఊళ్లు మారేవారు, పీజీలో మంచం తప్ప బల్ల లేనివారు గేమింగ్ ల్యాప్‌టాప్ గురించి ఆలోచించడమే నయం. ఒకచోట రెండు మూడేళ్లు ఉంటామనుకునేవారికి డెస్క్‌టాప్ లాభం. నేడు 16 జీబీ ర్యామ్, మామూలు కార్డుతో మొదలుపెట్టి, మెమరీ ధరలు దిగాక ర్యామ్, తర్వాత కార్డు మార్చుకోవచ్చు. ఆ వెసులుబాటు ఉండాలంటే మొదటిరోజు మంచి ఎస్‌ఎంపీఎస్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బోర్డు బడ్జెట్‌లో పడతాయేమో చూడండి.