మీకు తెలుసా? కోసేది, ఏరేది, పీకేది, తెంపేది!

క్లింగాన్ భాషలో చంపడానికి మూడు క్రియలు! 'స్టార్ ట్రెక్' సినిమాల్లోని యోధుల కోసం మార్క్ ఓక్రాండ్ అల్లిన ఈ భాషకు 1985లో నిఘంటువు కూడా వచ్చింది. అందులో ఊరికే చంపడం వేరు, హత్య వేరు, మరణశిక్ష అమలు చేయడం వేరు.

అంతటి వీరులకు సూప్ తాగడానికి కూడా ఒక ప్రత్యేక క్రియ ఉంది! తిండి తినడానికి, నీళ్లు తాగడానికి మాటలు మళ్లీ వేరు.

మరి మన వరంగల్ చేలల్లో? వరి కోస్తారు, పత్తి ఏరుతారు, పల్లికాయ పీకుతారు, పసుపు తవ్వుతారు, తంగేడు పూలు తెంపుతారు! ఇంటికొచ్చేవి ఐదు, క్రియలూ ఐదు. కొడవలి పట్టాలా, గడ్డపార పట్టాలా, వట్టి చేతులు చాలా అన్నది మాట వినగానే తెలిసిపోతుంది.

తెంపుకొచ్చిన ఆ పూలతో బతుకమ్మను పేరుస్తారు! తాంబాళంలో గునుగు, తంగేడు వరస మీద వరసగా గోపురంలా లేస్తాయి గనుక.

తాటిచెట్టును నరికితే చెట్టే పోతుంది, గీస్తే కల్లొస్తుంది! గౌడన్న మోకు వేసుకుని పైకెక్కి, గెల కొసను పలచటి పొరలుగా తీసే నేర్పుకే గీత అని పేరు.

నాలుగు రాళ్లు, నాలుగు క్రియలు! రోట్లో కారం దంచుతారు, పొత్రంతో గారెల పప్పు రుబ్బుతారు, సన్నెకల్లు మీద మసాలా నూరుతారు, ఇసుర్రాయిలో జొన్నలు ఇసురుతారు. ఇన్ని పనులు చేసే మిక్సీకి మాత్రం 'పట్టుడు' ఒక్కటే!

ఇప్పుడు మీకో పరీక్ష. కుండ, తాడు, కర్ర, చొక్కా: వీటిలో చిరిగేదేది, తెగేదేది, విరిగేదేది, పగిలేదేది? చిన్నపిల్లలు కూడా తడుముకోరు! కానీ పాలు కర్రలాగే ఎందుకు విరుగుతాయో పెద్దలు చెప్పగలరా?

తెలుగు క్రియాధాతువుల మీదే ఒక పూర్తి పుస్తకం ఉంది! భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి దాన్ని 1961లో ఇంగ్లిష్‌లో వెలువరించారు; మరుసటి ఏడే రైతుల నోటి మాటలతో వ్యవసాయ పదకోశం తెచ్చారు.

ఓరుగల్లు కవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు మీ నానమ్మ దగ్గర కూర్చుని, ఇక్కడ లేని క్రియలు అడిగి రాసిపెట్టుకోండి!