ప్రకృతి దృశ్యాల చిత్రణలో టెలిఫోటో లెన్సు వినియోగం

ప్రకృతి దృశ్యం అనగానే చాలామంది విద్యార్థులు కెమెరాకు వైడ్ యాంగిల్ లెన్సు తగిలిస్తారు. కొండ, లోయ, ఆకాశం అన్నీ ఒకే ఫొటోలో పట్టాలన్న ఆశ అందుకు కారణం. ఇంటికి వచ్చి చూసుకుంటే కంటికి గంభీరంగా కనిపించిన కొండ ఫొటోలో చీమల పుట్టంత ఉంటుంది. సగం ఫొటో ఖాళీ ఆకాశం, పావు వంతు రోడ్డు. కెమెరాతోపాటు వచ్చిన 55–250 మి.మీ. జూమ్ లెన్సు మాత్రం పక్షులకు, ఆటల పోటీలకు తప్ప పనికిరాదన్న భావనతో సంచీ అడుగున ఉండిపోతుంది. దాన్ని ప్రకృతి దృశ్యానికి ఎలా వాడుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు ఖరీదైన లెన్సు అవసరం లేదు. మీకు, కొండకు మధ్య ఉన్న దూరాన్ని, ఆ దూరంలో నిండి ఉన్న గాలిని అర్థం చేసుకుంటే చాలు.

టెలిఫోటో అంటే

భౌతికశాస్త్రంలో మీరు నాభ్యంతరం గురించి చదివే ఉంటారు. నాభ్యంతరం పెరిగేకొద్దీ ప్రతిబింబం పెద్దదవుతుంది, లెన్సు చూసే కోణం ఇరుకవుతుంది. నిజానికి నాభ్యంతరం ఎక్కువగా ఉన్న ప్రతి లెన్సూ టెలిఫోటో కాదు. ముందు కేంద్రీకరణ కటకాల సమూహాన్ని, వెనుక వికేంద్రీకరణ కటకాల సమూహాన్ని అమర్చి, నాభ్యంతరం కంటే పొట్టిగా తయారుచేసిన లెన్సుకే ఆ పేరు చెల్లుతుంది. 1891లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీతే ఎవరికి వారుగా ఇలాంటి నిర్మాణాలను రూపొందించారు. వాడుకలో ఈ తేడాను ఎవరూ పాటించడం లేదు కాబట్టి మనమూ పట్టుపట్టనవసరం లేదు.

ఏపీఎస్-సి సెన్సర్ ఉన్న కెమెరాలో 18 మి.మీ. లెన్సు అడ్డంగా సుమారు 66 డిగ్రీలు చూస్తుంది. 55 మి.మీ. వద్ద అది 24 డిగ్రీలకు, 250 మి.మీ. వద్ద 5 డిగ్రీలకు కాస్త పైకి తగ్గిపోతుంది. ఈ అంకెలు కంఠస్థం చేయనక్కరలేదు. చేయి పూర్తిగా చాచి మధ్య మూడు వేళ్లు కలిపి పట్టుకోండి. వాటి వెడల్పు దాదాపు 5 డిగ్రీలు. బిగించిన పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. కెమెరా సంచీ తెరవకముందే ఒక కన్ను మూసి, మూడు వేళ్లతో కొండ అంచు పొడవునా వెతకండి. ఆ వేళ్ల వెనుక దాగేంత చోటులో ఒక పూర్తి చిత్రం ఉందా అని చూసుకోండి. లెన్సు తగిలించి అటూ ఇటూ తిప్పుతూ వెతకడం కంటే ఇది మంచి పద్ధతి.

నిలబడే చోటు

టెలిఫోటో లెన్సు దూరాలను కుదించి, వెనుక ఉన్నదాన్ని ముందుకు తెస్తుందని సాధారణంగా అంటారు. ఆ కుదింపు లెన్సు పని కాదు, మీరు నిలబడిన చోటు పని. ఒక లెక్కతో చూద్దాం.

చేను గట్టున 10 మీటర్ల ఎత్తున్న వేపచెట్టు ఉంది. దాని వెనుక 150 మీటర్ల ఎత్తున్న కొండ ఉంది. మీరు చెట్టుకు 50 మీటర్ల దూరంలో నిలబడి 50 మి.మీ. లెన్సుతో ఫొటో తీస్తే సెన్సర్ మీద చెట్టు ఎత్తు 10 మి.మీ. ఉంటుంది. కొండ అక్కడికి 3 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే దాని ఎత్తు 2.5 మి.మీ. మాత్రమే. అంటే చెట్టులో పావు వంతు. ఇప్పుడు 150 మీటర్లు వెనక్కి నడవండి. చెట్టుకు మీకు దూరం 200 మీటర్లయింది. 200 మి.మీ. వద్ద మళ్లీ తీయండి. చెట్టు మునుపటిలాగే 10 మి.మీ. ఉంటుంది. కొండ మాత్రం 9.5 మి.మీ.కి పెరిగి దాదాపు చెట్టంత అవుతుంది. చెట్టు దూరం నాలుగింతలైంది, కొండ దూరం 3,000 నుంచి 3,150 మీటర్లకు మాత్రమే పెరిగింది. మర్మం అంతా ఆ నిష్పత్తిలోనే ఉంది.

వెనక్కి వెళ్లిన చోటు నుంచే 50 మి.మీ.తో తీసి మధ్య భాగాన్ని కత్తిరించినా చెట్టు, కొండల నిష్పత్తి ఇదే వస్తుంది. అప్పుడు పిక్సెళ్లు చాలక ఫొటో నాసిరకంగా ఉంటుంది, అంతే తేడా. కాబట్టి జూమ్ రింగు తిప్పేముందు కాళ్లకు పని చెప్పాలి. కొండ పెద్దదిగా కావాలంటే ముందున్న వస్తువు నుంచి దూరం జరగాలి. కొండ చెట్టు కొమ్మల మధ్య నుంచి కనిపించాలంటే పక్కకు జరగాలి. ముందున్న వస్తువు దగ్గరగా ఉన్నప్పుడు రెండడుగులు పక్కకు వేసినా చిత్రం కూర్పు మారిపోతుంది.

అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1960లో యోసెమిటీ లోయలో తీసిన ‘మూన్ అండ్ హాఫ్ డోమ్’ చిత్రాన్ని విద్యార్థులు తప్పక చూడాలి. హాసెల్‌బ్లాడ్ కెమెరాకు 250 మి.మీ. లెన్సు తగిలించి తీసిన చిత్రం అది. నున్నని రాతిగోడ, దాని మీద పడిన నీడ, పైన ఇంకా పూర్తిగా నిండని చంద్రుడు. యోసెమిటీలోని జలపాతాలు, అడవులు, మైదానాలు అన్నీ ఆ చట్రం బయటే ఉండిపోయాయి.

నడుమ ఉన్న గాలి

దూరపు కొండలు నునుపు అన్న సామెత మీకు తెలిసిందే. మన పెద్దలు మనుషుల గురించి చెప్పినా అందులో భౌతికశాస్త్రం ఉంది. దూరం పెరిగేకొద్దీ కొండ నుంచి వచ్చే వెలుగు గాలిలో కొంత పోతుంది. సూర్యకాంతి గాలిలోని అణువులు, ధూళి, తేమ బిందువుల వల్ల పరిక్షేపణం చెంది కొండ ముందు తెరలా పరుచుకుంటుంది. ఫలితంగా వెలుగునీడల తేడా తగ్గి గరుకుదనం మాయమవుతుంది. అణువుల వల్ల జరిగే పరిక్షేపణం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది కనుక నీలి కాంతి ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. దూరపు కొండలు నీలంగా కనిపించడానికి ఇదే కారణం.

వైడ్ యాంగిల్ లెన్సుతో తీసిన చిత్రంలో ఈ గాలి ఒక సన్నని గీత. టెలిఫోటోలో అది ఫొటో అంతా ఆక్రమిస్తుంది. అందువల్ల గాలిని అడ్డంకిగా భావించాలో, దాన్నే చిత్రంగా మలచాలో ముందే నిర్ణయించుకోవాలి.

అరకు దారిలో గాలికొండ దగ్గర గానీ, పాడేరు సమీపంలోని వంజంగి కొండ మీద గానీ చలికాలం తెల్లవారుజామున నిలబడి తూర్పు వైపు చూడండి. దగ్గరి కొండ అంచు నల్లగా, దాని వెనుకది ముదురు నీలంగా, ఆ వెనుకది బూడిద రంగులో, చిట్టచివరిది ఆకాశంలో కలిసిపోతూ పొరలు పొరలుగా కనిపిస్తాయి. 150 నుంచి 250 మి.మీ. మధ్య అలాంటి నాలుగైదు పొరలను మాత్రమే చట్రంలోకి తీసుకుని, ఆకాశాన్ని దాదాపు వదిలేస్తే తూర్పు కనుమల స్వభావం తెలిసే చిత్రం వస్తుంది. కొలతకు ఒక చిన్న ఆధారం ఉంటే మేలు. ఒంటరి చెట్టో, పొగ లేస్తున్న ఇంటి కప్పో, కొత్తవలస–కిరండూల్ మార్గంలో పోయే రైలో ఏదైనా సరే. ఎక్స్‌పోజర్‌ను వెలుగుతున్న భాగాన్ని చూసి పెట్టండి. కెమెరాకే వదిలేస్తే అది నల్లని అంచును వెలిగించబోయి చివరి పొరలను తెల్లగా చెరిపేస్తుంది. హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకుండా ఉంటే చాలు.

సాఫ్ట్‌వేర్లలో ‘డీహేజ్’ అనే సౌకర్యం ఉంటుంది. విద్యార్థులు దాన్ని చివరిదాకా జరుపుతుంటారు. పొరలను పొరలుగా చూపేది ఆ మంచు తెరే కాబట్టి, దాన్ని తుడిచేస్తే మిగిలేది ముతక రంగు కొండలే. నా ఉద్దేశంలో ఆ మీటను కొంచెం కదపడమే ఎక్కువ.

గాలి అడ్డంకిగా మారే సందర్భం వేరు. ఎండకు కాగిన నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి వక్రీభవన గుణకాలు వేరు కావడంతో వాటి గుండా వచ్చే కాంతి వణుకుతుంది. రాయలసీమలో మార్చి దాటాక పగటిపూట 250 మి.మీ.తో దూరపు బండలను చూస్తే అవి నీటిలో ఉన్నట్లు ఆడుతుంటాయి. దీనికి ట్రైపాడ్ మందు కాదు. ఎంత ఖరీదైన లెన్సైనా పనిచేయదు. నేల చల్లగా ఉండే సూర్యోదయ సమయమే మార్గం. సాయంత్రం వెలుగు బాగున్నా నేల ఇంకా వేడి వదులుతూనే ఉంటుందని మరవకండి. కారు బానెట్ మీదుగా, కాంక్రీటు డాబా మీదుగా, తారు రోడ్డు వెంబడి చూస్తూ తీయవద్దు. తప్పనిసరైతే పది ఫొటోలు వెంటవెంటనే తీసి, గాలి కాస్త నిలిచిన క్షణాన పడినదాన్ని ఎంచుకోండి.

పోలరైజర్ ఫిల్టర్ ఆకులపై మెరుపును, పలుచని పొగమంచును కొంత తగ్గిస్తుంది. సూర్యుడు మీకు పక్కగా, దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు దాని ప్రభావం ఎక్కువ. వైడ్ యాంగిల్‌లో దీని వల్ల ఆకాశం ఒకవైపు నల్లగా, ఒకవైపు తెల్లగా మచ్చలు పడుతుంది. టెలిఫోటో చూసే కోణం చిన్నది కనుక ఆ బెడద ఉండదు. దట్టమైన మంచుకు మాత్రం ఇది పనికిరాదు. నాసిరకం ఫిల్టర్ పెద్ద లెన్సు స్పష్టతను ఇట్టే పాడుచేస్తుంది కాబట్టి చవకది కొనడం కంటే లేకుండా తీయడమే నయం.

కదలిక, స్పష్టత

చేతితో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం కనీసం నాభ్యంతరానికి విలోమంగా ఉండాలన్నది పాత నియమం. ఏపీఎస్-సి కెమెరాలో 200 మి.మీ. అంటే 1/300 సెకను అనుకోవాలి. తెల్లవారుజామున అంత వెలుగు ఉండదు, అందుకే ట్రైపాడ్. దాని మధ్య కాడను పైకి లేపకండి. గాలి వీస్తుంటే మెడపట్టీ తీసేసి, సంచీని ట్రైపాడ్‌కు నేలను ఆనేలా వేలాడదీయండి. రెండు సెకన్ల టైమర్ వాడండి. లెన్సులోని స్థిరీకరణ మీట సంగతి మీ కెమెరా పుస్తకంలో చూడండి. కొన్ని లెన్సుల్లో ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు దాన్ని ఆపేయాలి.

స్పష్టత లోతు విషయంలో వైడ్ యాంగిల్ అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. ఏపీఎస్-సి కెమెరాలో 200 మి.మీ., ఎఫ్/8 వద్ద 250 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే సుమారు 125 మీటర్ల నుంచి అనంతం వరకు స్పష్టంగా వస్తుంది. పైన చెప్పిన వేపచెట్టు, కొండ రెండూ ఇందులో ఇముడుతాయి. కానీ 20 మీటర్ల దూరంలోని పూలపొద, కొండ రెండూ ఒకే ఫొటోలో స్పష్టంగా రావు. ఎఫ్/22కు తగ్గించినా వివర్తనం వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుందే తప్ప పని జరగదు. అలాంటప్పుడు పొదను వదిలేయడమో, అది మసకగా ఉండేలా కూర్చుకోవడమో చేయాలి. ఎఫ్/8, ఎఫ్/11 సాధారణంగా చాలు. చాలా లెన్సులు అనంతం గుర్తు దాటి కూడా తిరుగుతాయి కనుక రింగును చివరికంటా తిప్పి వదలకుండా, లైవ్ వ్యూలో పెద్దది చేసి చూసి ఫోకస్ చేయండి. జూమ్ మార్చితే ఫోకస్ మళ్లీ సరిచూసుకోవాలి.

తాటిచెట్టు, చంద్రుడు

చంద్రుడి కోణీయ వ్యాసం సుమారు అర డిగ్రీ. ఒక వస్తువు తన పరిమాణానికి దాదాపు 110 రెట్ల దూరంలో ఉంటే అది చంద్రుడంత కనిపిస్తుంది. 15 మీటర్ల తాటిచెట్టు పక్కన చంద్రుడు చెట్టంత ఎత్తు కనిపించాలంటే మీరు చెట్టుకు 1,650 మీటర్ల దూరంలో ఉండాలి. 250 మి.మీ. వద్ద ఇద్దరి ఎత్తూ సెన్సర్ మీద సుమారు 2.3 మి.మీ. ఉంటుంది. ఇది కంప్యూటర్‌లో అతికించిన చంద్రుడు కాదు, నిజంగా అక్కడి నుంచి కనిపించేదే. ఎవరైనా అనుమానిస్తే ఈ లెక్క చూపండి.

రోజును ఎంచుకోవడానికి ఇంట్లో ఉన్న పంచాంగం చాలు. పౌర్ణమి నాడు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయ వేళకు ఉదయిస్తాడు. పైకి వచ్చేసరికి నేల చీకటవుతుంది, చంద్రుడు తెల్లని బిళ్లగా మిగులుతాడు. ముందురోజు, అంటే చతుర్దశి నాడు, సగటున 50 నిమిషాలు ముందే వస్తాడు. అప్పుడు చేల మీద ఇంకా ఎండ ఉంటుంది. నేల, చంద్రుడు రెండింటికీ ఒకే ఎక్స్‌పోజర్ సరిపోతుంది.

ఎంపికలో బాధ్యత

ఇరుకు కోణం ఉన్న లెన్సు చాలా వాటిని బయట పెట్టేస్తుంది. కరెంటు తీగలు, టీ కొట్లు, నిలిపిన కార్ల వరుస వదిలేయడం తప్పేమీ కాదు. అయితే ఒక ప్రాంతం గురించి నాలుగైదు చిత్రాలతో వ్యాసం సమర్పించేటప్పుడు అన్నీ పొగమంచు కొండలే అయితే అక్కడ మనుషులే లేరన్న భావన కలుగుతుంది. అరకు లోయ నిర్మానుష్యం కాదు. అక్కడి చేలు ఎవరో దున్ని, విత్తి, కోసేవే. ఒక చిత్రమైనా ఆ సంగతి చెప్పాలి.

నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ వలిసె పూలు లోయను పసుపు చేస్తాయి. ఫొటో కోసం చేలోకి దిగి పైరు తొక్కేవారిని చూస్తూనే ఉంటాం. రోడ్డు మీదే, కాస్త ఎత్తున్న చోట నిలబడి 200 మి.మీ.తో తీస్తే పూల చెక్కలు, వాటి మధ్య గట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఇంకా దట్టంగా వస్తాయి. పైరుకు నష్టం లేదు, చిత్రమూ మెరుగు. చేలో పనిచేస్తున్నవారి ముఖం గుర్తుపట్టేంత పెద్దదిగా ఉంటే మాత్రం దగ్గరకు వెళ్లి అడిగి తీయండి. దూరం నుంచి తీయగలగడం అనుమతి కాదు.

అభ్యాసం

మీ ఊరి చెరువు కట్ట మీదకో, ఊరి బయటికో వెళ్లండి. ముందు ఒక చెట్టు, వెనుక కొండ, గోపురం లేదా నీళ్ల ట్యాంకు ఉన్న చోటు ఎంచుకోండి. చెట్టుకు 50 అడుగుల దూరం నుంచి 55 మి.మీ.తోనూ, 200 అడుగుల దూరం నుంచి 220 మి.మీ. దగ్గరలోనూ చెట్టు ఒకే ఎత్తు ఉండేలా రెండు ఫొటోలు తీయండి. చెట్టు చట్రంలో పట్టకపోతే రెండు దూరాలనూ ఒకే నిష్పత్తిలో పెంచండి. వెనుక ఉన్నదాని ఎత్తు ఎన్ని రెట్లు మారిందో స్కేలుతో కొలిచి రాయండి. రెండో ఫొటోను ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, సాయంత్రం 5 గంటలకు అదే చోటు నుంచి మళ్లీ తీయండి. మూడింటినీ తెర మీద వంద శాతం పెద్దవి చేసి, వెనుక వస్తువు అంచు ఏ వేళ ఎలా ఉందో రికార్డులో నమోదు చేయండి. ఆ రోజు ఎండ ఉందో, మబ్బు ఉందో కూడా పక్కన రాయడం మరవకండి.