గోడలో దాగిన విద్యుత్తు తీగలు

నేడు గ్రామములలో కట్టుచున్న పక్కా యిండ్లలో విద్యుత్తు తీగలు పైకి కానరావు. గోడలో గాడి తీసి, తీగలను అందులో నడిపి, పైన సిమెంటు పూయుచున్నారు. ఇల్లు చూడ సొంపుగా నుండును. కాని ఆ తీగలలో 230 వోల్టుల విద్యుత్తు కలదని మనము మరువరాదు. పటము తగిలించుటకు కొట్టిన మేకు తీగను తాకినచో ప్రాణమునకే ముప్పు.

దీనికి కట్టడము నాడే జాగ్రత్తపడవలెను. తీగలను ఉత్తగా సిమెంటులో పూడ్చరాదు, పి.వి.సి. గొట్టములలో నుంచి లాగవలెను. అట్లయిన పాడైన తీగను గోడ పగులగొట్టకయే మార్చుకొనవచ్చును. అయితే గొట్టము మేకును ఆపజాలదు. కావున గొట్టమును స్విచ్చి పెట్టె నుండి నిలువుగనో అడ్డముగనో తిన్నగా నడుపవలెను, ఏటవాలుగా నడుపరాదు. అప్పుడు స్విచ్చిని చూచినంతనే తీగ పోవు దారి తెలియును. ఆ దారిలో మేకు కొట్టరాదు. పూతకు ముందే గోడలను సెల్ ఫోనుతో ఫొటో తీసి దాచుకొనుట మేలు.

ఫ్యూజు ఉన్నది గదా యని కొందరందురు. మనిషి ప్రాణము తీయుటకు చాలిన కరెంటు ఫ్యూజును కరగింపజాలదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను సాధనమైతే, అంత కరెంటు భూమిలోనికి కారినచో క్షణములో సరఫరాను ఆపివేయును. దానితోపాటు మంచి ఎర్తు ఉండవలెను. తడిసిన గోడ తాకినప్పుడు జిల్లుమనినచో, మరల ముట్టక, మెయిన్ స్విచ్చి ఆపి, లైసెన్సు గల పనివానిని పిలువవలెను.

ఇల్లు కట్టుకొను ప్రతివారును, గోడలకు పూత వేయించుటకు ముందు, ఈ సంగతులను మేస్త్రీతో కూర్చుండి విచారింపవలెనని కోరుచున్నాము.